ఎండాకాలం తర్వాత నాన్న అకార్డియన్ మూగబోయింది, హార్మోనియం బాగుచేసే ఆయనకి ఇవ్వొచ్చా?

ఒంగోలు టీచర్ (ప్రశ్న)

మా నాన్న ముప్పై ఏళ్ళు చర్చిలో అకార్డియన్ వాయించారు. మొన్న క్రిస్మస్ అయిన పది రోజులకి పోయారు. ఎర్రరంగు పెట్టె, కుడివైపు 37 మెట్లు, ఎడమవైపు 80 బటన్లు. జనవరి నుంచి నేనే కాస్త కాస్త నేర్చుకుంటున్నాను.

మే నెలలో ఊరెళ్తూ దాన్ని మేడమీద రేకుల గదిలో పెట్టి తాళం వేశాను. జూన్‌లో వచ్చి తీస్తే నడిమి స్థాయిలో నాలుగు మెట్లు పలకడం లేదు. ఒకటి నొక్కితే పక్కది కూడా మూలుగుతోంది. ఒక 'ని' అయితే తిత్తి మూసేటప్పుడు పలుకుతుంది, లాగేటప్పుడు పలకదు. పెట్టె దగ్గర తేనెమైనం వాసన వస్తోంది. మా వీధి చివర హార్మోనియాలు బాగుచేసే ఆయన తీసుకురమ్మన్నారు. ఇవ్వొచ్చా?

ఇంకో మాట. నాన్నకి దేశంలో ఎక్కడెక్కడో అకార్డియన్ స్నేహితులు ఉండేవాళ్ళు. ఏటా మే 6న ఫోన్లే ఫోన్లు. ఈసారి కూడా మోగింది. ఎత్తలేకపోయాను. ఆ రోజు ఏంటి? వీళ్ళంతా ఏడాది పొడవునా ఏం చేస్తారు?

మూలాపేట కీబోర్డ్

అక్కా, మైనం కరిగుంటే గ్లూ గన్‌తో అతికించేయండి. మా కీబోర్డులో ఊడిన మెట్టుకి అలాగే చేశాం, బాగానే ఉంది.

కావలి రిటైర్డ్ రైల్వే

అమ్మా, ఒంగోలులో ఎర్రది, ఎడమవైపు 80 బటన్ల పెట్టె అంటే నాకు తెలిసి ఒక్కటే. మే 6న మధ్యాహ్నం మీరు ఎత్తని ఫోన్ నాదే. నాన్నగారి సంగతి నాకు ఇప్పుడు మీ రాత చూశాకే తెలిసింది. ఆ పెట్టె మీ చేతిలో ఉన్నందుకు సంతోషంగా ఉంది.

ముందు జిగురు మాట. అబ్బయా, జిగురు జోలికి పోవద్దు. అకార్డియన్‌లో గాలికి మోగే రీడు పలకల్ని చెక్క దిమ్మెలకి తేనెమైనం, గుగ్గిలం కలిపి కాచిన ముద్దతో అంటిస్తారు. ఎప్పుడు కావాలన్నా ఊడదీసి బాగుచేసుకోవాలని ఆ ఏర్పాటు. జిగురు పెట్టారంటే రేపు ఆ దిమ్మెని ఎవరూ ముట్టుకోలేరు. తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకన్నా చాలా ముందే మెత్తబడుతుంది. రోహిణీ కార్తెలో మూసిన రేకుల గది ఎలా ఉంటుందో ఒంగోలువాళ్ళకి నేను చెప్పాలా! పలకలు పక్కకి జారి గాలి దారి తప్పింది. అందుకే ఒకటి నొక్కితే పక్కది మూలుగుతోంది. 'ని' సంగతి వేరు. ప్రతి పలక మీదా రెండు నాలుకలుంటాయి, ఒకటి తిత్తి లాగితే పలికేది, రెండోది మూస్తే పలికేది. లాగేదాని కింద ఏ నలుసో ఇరుక్కుని ఉంటుంది.

హార్మోనియం ఆయనకి ఇవ్వొచ్చు, కానీ ఒక మాట చెప్పి ఇవ్వాలి. 2009లో నా పెట్టెని ఒక పట్నంలో మంచి పేరున్న హార్మోనియం పనివాడికి ఇచ్చాను. చెవి అద్భుతం ఆయనది. నా పెట్టెలో ఒక్కో మెట్టుకి రెండు రీడ్లు కలిసి మోగుతాయి. రెండోదాన్ని కావాలనే వెంట్రుకవాసి ఎక్కువ శ్రుతిలో పెడతారు. ఆ తేడావల్లే స్వరం అలలా ఊగుతుంది. ఆయనకి అది అపశ్రుతిగా వినిపించింది. అన్నీ గీకి రెండింటినీ సమానం చేసి "ఇన్నాళ్ళూ శ్రుతి తప్పి వాయించారు సార్" అన్నాడు. ఇంటికొచ్చి తిత్తి తెరిస్తే అల లేదు. నా ముప్పై ఏళ్ళ పెట్టె పరాయిదానిలా పలికింది. గీకిన ఉక్కు తిరిగి రాదమ్మా. ఆ బాధ మీకు వద్దు.

ఇక మే 6 సంగతి. 1829లో వియన్నాలో సిరిల్ డెమియన్ అనే ఆయన అకార్డియన్ పేరుతో పేటెంటుకి అర్జీ పెట్టుకున్న రోజు అది. ప్రపంచమంతా అకార్డియన్ దినం జరుపుకుంటారు. పుణె, గోవా, కోల్‌కతా, ఐజ్వాల్, చెన్నై, ఇలా తలోచోట ఉన్న మేమంతా ఆ రోజు తలో పాట వాయించి ఫోన్‌లో పంపుకుంటాం. గూడీ సీర్వాయ్, ఈనాక్ డేనియల్స్ వాయించిన సినిమా పాటలే ఎక్కువమంది ఎంచుకుంటారు. నాన్నగారు మాత్రం ఏటా ఒకే కీర్తన పంపేవారు. ఆఖరి చరణంలో తిత్తిని మణికట్టుతో చిన్నగా వణికించేవారు. అరవై దాటాక కూడా ఆ వణుకు ఒక్కసారి తడబడలేదు.

ఆ తర్వాత ఎండలు. మన వైపువాళ్ళం పెట్టెలు తీయం. లోపలి గదిలో, నాలుగు కాళ్ళ మీద నిలబెట్టి, పట్టీలు బిగించి ఉంచుతాం. పడుకోబెడితే లోపల గాలి దారి మూసే తోలు రెక్కలు వాలిపోతాయి. శ్రావణంలో పెళ్ళిళ్ళు, ఆ వెనకే చవితి పందిళ్ళు. అయినా అప్పుడు మా అసలు పని మరమ్మతులే. ఎవరి దగ్గర మైనం ఉంది, ఎవరికి తోలు కావాలి, ఎవరి దిమ్మె ఎవరికి పార్సిల్ చేయాలి, ఇవే మాటలు. అక్టోబరు వస్తే మనకి వాయుగుండాలు. రీడు నాలుకలు ఉక్కువి కదా, ఆ తేమకి, సముద్రపు గాలికి తుప్పు పడతాయి. డిసెంబరంతా క్రిస్మస్ పాటలు. ఎవరి పెట్టె మూగబోయినా ఆలోపు పలకాలని అందరం పట్టుదలగా ఉంటాం.

ఆదివారం పినాకిని రైలుకి ఒంగోలు వస్తాను. అప్పటిదాకా తిత్తి లాగొద్దు. లాగాల్సి వస్తే ఎడమచేతి దగ్గర గాలి బటన్ నొక్కి లాగండి.

నెల్లూరు హార్మణీ మేస్త్రి

కావలి ఆయన చెప్పింది నిజం. మా పెట్టెలో గాలి ఒకవైపే పోతుంది. ఇత్తడి రీడ్లు, మరలతో బిగించి ఉంటాయి. అకార్డియన్ విప్పినవాళ్ళు మాలో తక్కువ. మొదటిసారి విప్పినప్పుడు ఒక్కో పలకకి రెండేసి నాలుకలు చూసి నాకే చెమట పట్టింది. రెండు రీడ్లలో తేడా వినిపిస్తే మేం కలిపేస్తాం, అది మా చేతి అలవాటు. కాబట్టి టీచరమ్మా, "అల ఉండనివ్వండి" అని ముందే చెప్పండి. తోలు రెక్కలు కావాలంటే పల్చటి మేకతోలు నా దగ్గరుంది.

ఒంగోలు టీచర్

ఆయన వచ్చి వెళ్ళారు. వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి తిత్తి మేకులు ఒక్కొక్కటే లాగి, వరస తప్పకుండా ఇడ్లీరేకు గుంటల్లో పెట్టారు. 'ని' కింద ఉన్నది ఎర్రటి ఉన్ని పోగు. పల్చటి కాగితం దూర్చి తీశారు. ఇప్పుడు రెండువైపులా పలుకుతోంది.

దిమ్మె పక్కన చెక్క మీద పెన్సిల్‌తో తేదీలున్నాయి, అన్నీ నాన్న రాతే. "14-8-1996 మైనం", "2-9-2003 తోలు", "20-8-2015 మైనం". నాన్న అది తెరవడం నేనెప్పుడూ చూడలేదు. పలకలు జారిన రెండు దిమ్మెలనీ గుడ్డలో చుట్టి ఆయన కావలి తీసుకెళ్ళారు. మేస్త్రి గారూ, తోలు ఎంత వెడల్పు ముక్కలు కావాలో ఆయన్ని అడిగి చెప్తాను. శనివారం నెల్లూరు వస్తే మీరు ఇంటి దగ్గర ఉంటారా?