మెడ ముందుకు వచ్చేసింది, వ్యాయామాలతో ఎవరికైనా తగ్గిందా?

వేపచెట్టు:
అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. పోయిన నెల మా చెల్లి పక్కనుంచి తీసిన ఫొటో చూసి చాలా బాధేసింది. చెవి భుజానికి తిన్నగా ఉండాల్సింది, నాలుగు వేళ్ల మేర ముందుకు ఉంది. మెడ ముగిసి వీపు మొదలయ్యే చోట చిన్న మూపురంలా కనిపిస్తోంది. సాయంత్రమయ్యేసరికి తల వెనక భాగం బరువెక్కి, నొప్పి అక్కడి నుంచి కుడి కన్ను దాకా పాకుతుంది.

వీడియోలు చూసి గడ్డం వెనక్కి లాగే వ్యాయామం మొదలుపెట్టాను. రోజుకు వంద సార్లు చేస్తున్నాను. మూడు వారాలైంది. తగ్గకపోగా తలనొప్పి పెరిగింది, కుడివైపు మెడ పట్టేసినట్టు ఉంటోంది. చేసే పద్ధతిలో తప్పుందా, అసలీ వ్యాయామం నాకు పడదా? చేసి బాగుపడినవాళ్లు ఉంటే కొంచెం విడమరిచి చెప్పండి.

గోధూళి:
వంద సార్లు చాలా ఎక్కువండీ. నేనూ మొదట్లో పొరపాటే చేశాను. గడ్డాన్ని వెనక్కి లాగుతున్నాను అనుకుంటూ నిజానికి గుండె వైపు దించేదాన్ని. అద్దం ముందు ఎదురుగా నిలబడితే ఆ తేడా తెలియదు. ఫోన్ పక్కన పెట్టి వీడియో తీసుకుంటే తెలిసింది.

గడ్డం కింద ఒక పుస్తకం అడ్డంగా పెట్టారనుకోండి. ఆ పుస్తకం మీద గడ్డం జారుతూ వెనక్కి రావాలి, కిందికి నొక్కకూడదు. చూపు ఎదుటి గోడ మీదే ఉండాలి. మాడు కొద్దిగా పైకి సాగినట్టు అనిపించాలి. గొంతు నొక్కుకుపోయినట్టు అనిపిస్తే ఎక్కువ లాగేసినట్టే. 5 సెకన్లు ఉంచి వదిలేయడం, అలా 8 లేదా 10 సార్లు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం. నాకు ఇంతే సరిపోయింది. పళ్లు బిగబట్టకండి, ఊపిరి ఆపకండి. ఈ రెండూ మనకు తెలియకుండానే జరిగిపోతాయి.

కండరాలమాట:
నేను ఫిజియోథెరపిస్టుని. వేపచెట్టు గారూ, మీరు రాసినట్టే తలనొప్పి పెరిగిందని చెప్పేవాళ్లు నా దగ్గరికి తరచుగా వస్తుంటారు. ఎందుకు పెరుగుతుందో అర్థమైతే భయం పోతుంది.

తల ముందుకు వెళ్లినా చూపు మాత్రం నిటారుగానే ఉండాలి కదా. అందుకని మెడ కింది భాగం ముందుకు వంగుతుంది, పై భాగం వెనక్కి విరుచుకుంటుంది. పుర్రె అడుగున ఉండే నాలుగు జతల చిన్న కండరాలు రోజంతా ముడుచుకునే ఉంటాయి. మీ తల వెనక బరువు, కన్ను దాకా పాకే నొప్పి చాలావరకు అక్కడివే అయి ఉంటాయి. మెడ లోపల, వెన్నుపూసల ముందువైపు అతుక్కుని ఉండే లోతు కండరాలు మాత్రం పని మానేస్తాయి. చెక్ వైద్యుడు వ్లదిమీర్ యాండా ఈ తీరును గుణకారం గుర్తులా వివరించాడు: మెడ వెనక, ఛాతీ ముందు బిగుసుకుపోతే, మెడ ముందు లోతుగా ఉన్నవి, రెక్క ఎముకల మధ్య ఉన్నవి బలహీనపడతాయి.

ఇప్పుడు మీరు బలంగా వంద సార్లు లాగుతున్నారు. లోతు కండరాలకు అంత ఓపిక లేదు. వాటి పనిని చెవి వెనక నుంచి గొంతు కిందికి ఏటవాలుగా దిగే లావుపాటి కండరం తీసుకుంటుంది. అందుకే మెడ పట్టేసింది. కొన్నాళ్లు కూర్చుని చేయడం ఆపండి. వెల్లకిలా పడుకుని, పలచని దిండు మీద తల పెట్టి, ‘ఊ’ అన్నట్టు చాలా చిన్నగా తల ఆడించండి. తల దిండు మీద నుంచి లేవకూడదు. రెండు వేళ్లు ఆ ఏటవాలు కండరం మీద ఉంచుకోండి. అది గట్టిపడితే బలం ఎక్కువ పెట్టారని లెక్క, సగానికి తగ్గించండి. 10 సెకన్లు పట్టి ఉంచడం, 10 సార్లు. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్ట్ గ్వెండోలిన్ జల్ బృందం ఈ పద్ధతిని అభివృద్ధి చేసింది. మెడ కింద గాలి సంచి పెట్టి, పీడనాన్ని 20 నుంచి 30 మిల్లీమీటర్ల పాదరసం దాకా రెండేసి చొప్పున పెంచమంటారు. ఇంట్లో సంచి లేకపోయినా వేళ్లతో చూసుకోవచ్చు.

రెండు ప్రశ్నలు. చేతుల్లో తిమ్మిర్లు ఏమైనా ఉన్నాయా? కళ్లద్దాలు వాడతారా, వాడితే ఎలాంటివి?

సూదీదారం:
నాది కుట్టుపని. స్క్రీన్ ఎత్తు పెంచండి అని అందరూ చెబుతారు, నేను గుడ్డను కంటి ఎత్తుకు ఎలా పెంచను? అందుకే నా అనుభవం రాస్తున్నాను, తల వంచక తప్పని పనులవాళ్లకు పనికొస్తుంది.

నాకు మెడ వ్యాయామాల కన్నా వీపు పైభాగాన్ని కదిలించడమే ఎక్కువ మేలు చేసింది. తువ్వాలు గట్టిగా చుట్టి, రెక్క ఎముకల కింద అడ్డంగా పెట్టి, దాని మీద వెల్లకిలా పడుకుంటాను. తల కింద చిన్న దిండు. చేతులు పక్కకు చాచి రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా ఊపిరి. మొదటి వారం వీపు చెక్కలా ఉండేది, కదిలేదే కాదు. తర్వాత గుమ్మంలో నిలబడి రెండు మోచేతులు చట్రానికి ఆనించి ఛాతీ ముందుకు తీసుకెళ్లడం, 30 సెకన్లు. ఛాతీ వదులైతే భుజాలు వెనక్కి వస్తాయి, భుజాలు వస్తే తల దానంతట అదే వెనక్కి వస్తుంది. ఇప్పుడు ప్రతి అరగంటకీ సూదిలో దారం అయిపోయినా అవకపోయినా లేస్తాను.

వేపచెట్టు:
ఇంత ఓపికగా రాసినందుకు ధన్యవాదాలు. వీడియో తీసుకుని చూశాను. గోధూళి గారు చెప్పినట్టే గడ్డం కిందికే దిగుతోంది. వేళ్లు పెట్టి చూస్తే మొదటి క్షణంలోనే ఆ కండరం తాడులా లేస్తోంది. తిమ్మిర్లు లేవు. ఆర్నెల్ల క్రితం ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు (దూరపు చూపుకీ దగ్గరి చూపుకీ ఒకే అద్దం) తీసుకున్నాను. వాడేది ల్యాప్‌టాప్, పోయిన నెల దాన్ని స్టాండ్ మీద కంటి ఎత్తుకు పెంచాను.

దీపపుసెమ్మె:
అక్కడే ఉందండీ కిటుకు! ప్రోగ్రెసివ్ అద్దాల్లో దగ్గరి చూపు భాగం కింద ఉంటుంది. స్క్రీన్ పైకి పెట్టారు కాబట్టి దాన్ని స్పష్టంగా చూడాలంటే గడ్డం పైకెత్తి, మొహం ముందుకు పెట్టాల్సిందే. ఎంత వ్యాయామం చేసినా మిగతా ఎనిమిది గంటలూ మీ కళ్లే మీ తలను ముందుకు లాగుతుంటాయి. ఏడాదిన్నర నేనూ ఇలాగే బాధపడ్డాను. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకు ఉండాలన్న సలహా మామూలు కళ్లద్దాలవాళ్లకు సరే, మనలాంటివాళ్లకు కొంచెం కిందికి ఉండాలి. కంటి డాక్టరుకి మీ స్క్రీన్ ఎంత దూరంలో ఉంటుందో కొలిచి చెప్పండి. ఆ దూరానికే విడిగా కంప్యూటర్ అద్దాలు రాస్తారు. నాకు అవి వచ్చిన వారంలోనే మెడ తేలికైంది. ల్యాప్‌టాప్ స్టాండ్ మీద పెడితే కీబోర్డు మాత్రం విడిగా ఉండాలి, లేకపోతే భుజాలు ఎత్తి టైప్ చేయాల్సివస్తుంది.

పాతరేడియో:
తిమ్మిర్ల గురించి అడిగారు కాబట్టి నా సంగతి చెబుతాను, ఎవరూ నాలా ఆలస్యం చేయకూడదని. ఎడమ బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతుంటే నాలుగు నెలలు పట్టించుకోలేదు. పోశ్చర్ వల్లే అనుకుని మెడ గుండ్రంగా తిప్పే వ్యాయామాలు చేశాను, తిప్పినప్పుడల్లా చెయ్యంతా జివ్వుమనేది. చివరికి పెన్ను పట్టుకుంటే జారిపోవడం మొదలైంది. స్కానింగ్‌లో డిస్క్ నరాన్ని నొక్కుతోందని తేలింది. ఆపరేషన్ లేకుండానే, వాళ్లు చెప్పిన వ్యాయామాలతో అయిదు నెలల్లో తగ్గింది. ముందే వెళ్లుంటే అంత బాధ ఉండేది కాదు.

కండరాలమాట:
పాతరేడియో గారూ, మీరు ఇది రాయడం చాలా మంచిదైంది. చేతిలోకి దిగే నొప్పి, తిమ్మిరి, పట్టు తగ్గడం ఉంటే ఇంటి వ్యాయామాలు ఆపి ముందు డాక్టరుకి చూపించుకోవాలి. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవడం, నడకలో తూలడం, మూత్రం మీద అదుపు తప్పడం ఉంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు. వెన్నుపాము నొక్కుకుంటోందేమో చూడాలి. దెబ్బ తగిలాక మొదలైన మెడనొప్పి, జ్వరంతో వచ్చే మెడనొప్పి కూడా అంతే.

అమ్మమనసు:
మా అబ్బాయికి 15 ఏళ్లు. ఎప్పుడూ ఫోన్ మీదకి వంగే ఉంటాడు. తల వంచితే మెడ మీద 27 కిలోల బరువు పడుతుందని చదివి టెన్షన్ పట్టుకుంది. వీపుకి కట్టుకునే బెల్టు కొందామనుకుంటున్నాను. ‘నిటారుగా కూర్చో’ అని రోజూ చెప్పి చెప్పి మా ఇద్దరికీ గొడవలవుతున్నాయి.

కండరాలమాట:
అమ్మా, ఆ అంకె కెన్నెత్ హన్స్‌రాజ్ అనే వెన్నెముక సర్జన్ 2014లో కంప్యూటర్ నమూనాతో వేసిన లెక్క. తల 60 డిగ్రీలు వంచితే పడే బలం దాదాపు 27 కిలోలకు సమానమని అంచనా. మనుషుల మెడల్లో కొలిచింది కాదు. మెడ ఉన్నదే వంగడానికి, వంగినంత మాత్రాన పాడైపోదు. గంటల తరబడి ఒకే తీరులో ఉండిపోవడమే ఇబ్బంది. పెద్దవాళ్లలో మెడనొప్పికీ తల ముందుకు రావడానికీ కొంత సంబంధం కనిపించింది, ఈ వయసు పిల్లల్లో మాత్రం అది స్పష్టంగా తేలలేదు. బెల్టు వద్దు. కట్టుకున్నంతసేపే నిలబెడుతుంది, బలం పెంచదు. తిట్టడం కూడా ఆపేయండి. ఆటలాడనివ్వండి, ఈత అయినా, బరువులు లాగే వ్యాయామం అయినా సరే. నిద్ర సరిగ్గా పోతున్నాడా, దిగులుగా ఉంటున్నాడా అన్నది కూడా చూడండి. పిల్లల్లో మెడనొప్పికి వాటితోనూ సంబంధం ఉంటుంది.

అమ్మమనసు:
ఇది చదివాక గుండె తేలికైంది. ఈ సాయంత్రం వాడికి ఏమీ చెప్పలేదు, కలిసి నడకకు వెళ్లాం.

వేపచెట్టు (ఎనిమిది వారాల తర్వాత):
ఎలా ఉందో చెబుదామని వచ్చాను. మొదటి రెండు వారాలు పడుకుని చేసే ‘ఊ’ వ్యాయామం ఒక్కటే చేశాను. ఇంత చిన్న కదలికతో ఏమవుతుందిలే అనిపించింది. నాలుగోసారికే మెడ లోపల వణుకు వచ్చేది, అప్పుడు తెలిసింది అక్కడ ఎంత బలం తక్కువుందో. మూడో వారం నుంచి తువ్వాలు చుట్ట, గుమ్మం వ్యాయామం కలిపాను. అయిదో వారం నుంచి కూర్చుని గడ్డం వెనక్కి, పది సార్లే.

కంప్యూటర్ అద్దాలు తీసుకున్నాను, స్క్రీన్ నాలుగు వేళ్లు కిందికి దించాను. నిజం చెప్పాలంటే సగం మేలు దీనివల్లే. తలనొప్పి వారానికి అయిదు రోజులు వచ్చేది, ఇప్పుడు ఒకరోజు. మడమలు గోడకు కొంచెం ఎడంగా పెట్టి, వీపు ఆనించి నిలబడితే తలకూ గోడకూ మధ్య మొదట్లో మూడు వేళ్ల సందు ఉండేది, ఇప్పుడు ఒక వేలు. పక్కనుంచి తీసిన ఫొటోలో మాత్రం పెద్ద తేడా లేదు, మూపురం కొద్దిగా తగ్గిందంతే. నొప్పి లేదు కాబట్టి దాని గురించి బెంగ పెట్టుకోవట్లేదు.

గోధూళి:
చాలా సంతోషమండీ. నాకూ ఫొటోలో తేడా కనిపించడానికి ఆర్నెల్లు పట్టింది, నొప్పి మాత్రం రెండు నెలల్లోనే పోయింది. మీరు పక్కకి తిరిగి పడుకుంటారా? దిండు సంగతి ఇక్కడ ఎవరూ చెప్పలేదు.

వేపచెట్టు:
అవునండీ, కుడివైపు. దిండు పలచగా ఉంది, తల కిందికి వాలిపోతుంది.

గోధూళి:
అయితే ఎత్తు పెంచండి. పక్కకి పడుకున్నప్పుడు చెవికీ భుజం చివరకీ మధ్య ఎంత ఎడం ఉందో దిండు అంత మందం ఉండాలి, ముక్కు ఛాతీ మధ్య గీతకు తిన్నగా రావాలి. కొత్తది కొనకుండా ముందు దుప్పటి మడత ఒకటి కింద పెట్టి వారం చూడండి. మీకు పొద్దున లేవగానే కుడివైపు పట్టేసినట్టు ఉంటుందా, ఉంటే తగ్గిందో లేదో రాయండి.