తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ పాప్ పాటలు: ఖాళీలు నింపించడం దాటి ఇంకేం చేయొచ్చు?

చాక్‌పీస్ అడిగారు:

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతున్నాను. క్లాసులో 46 మంది. వారానికి ఒక 45 నిమిషాల పీరియడ్ లిజనింగ్‌కి తీసి పాప్ పాటలు పెడుతున్నాను. ఐఎఫ్‌పీ ప్యానెల్ (టచ్‌తో పనిచేసే పెద్ద డిజిటల్ తెర) ఉంది, నెట్ ఒక రోజు ఉంటే ఒక రోజు ఉండదు.

పిల్లల హుషారుకి లోటు లేదు. ఇబ్బందులు వేరే ఉన్నాయి. ఖాళీల షీట్ ఇస్తే బెంచీలో ఒకరు నింపుతారు, మిగతావాళ్లు చూసి రాసేస్తారు. కోరస్ గొంతెత్తి పాడతారు గానీ చరణాల్లో ఒక్క ముక్క కూడా వాళ్ల చెవిన పడదు. అన్నిటికన్నా ముఖ్యం, పాటలో రోజూ పాడే వాక్యాన్నే మర్నాడు నేను మామూలుగా అంటే గుర్తుపట్టరు. పైగా వాళ్లు అడిగేవి కొరియా పాప్ బృందం బీటీఎస్ పాటలు, నాకు పనికొచ్చేవి అవి కావేమో అనిపిస్తుంది. ఎలాంటి పాటలు ఎంచుకోవాలి, పీరియడ్ ఎలా నడపాలి? లిరిక్స్ జిరాక్స్ తీసి పంచితే కాపీరైట్ గొడవ ఏమైనా ఉంటుందా, అదీ చెప్పండి.

చెవిపోగు:

మేడమ్, మీరు మూడోదిగా చెప్పినదే, పాడిన వాక్యాన్ని మామూలుగా అంటే గుర్తుపట్టకపోవడమే, అసలు సమస్య. పిల్లలు మాటలు వినడం లేదు. రాగం పట్టుకుని, దానికి దగ్గరగా ఉండే ఏదో ఒక శబ్దం నోటితో చేస్తున్నారు. రాగం లేకుండా అదే వాక్యం అంటే వాళ్లకు కొత్త వాక్యం కిందే లెక్క.

ముందు పాట మొత్తం పెట్టడం మానేయండి. మూడు నిమిషాల పాట మూడుసార్లు పెడితే పది నిమిషాలు అయిపోతాయి, అసలు పని అప్పటికి మొదలే కాదు. 4 నుంచి 8 లైన్లు, అంటే 25 సెకన్ల ముక్క చాలు. పదిసార్లు వినిపించినా ఐదు నిమిషాలు దాటదు. పాట పూర్తిగా వినాలని పిల్లలు గోల చేస్తారు, అది పీరియడ్ చివర బహుమతిగా పెట్టుకోండి.

ఆ ముక్కలో గ్రామర్ కన్నా ముందు నేర్పాల్సింది మాటలు ఒకదానికొకటి అతుక్కోవడం. 'పిక్ ఇట్ అప్' అని రాసి ఉంటుంది, వినపడేది 'పికిటప్'. సంధులు చదువుకునే పిల్లలకు ఇది వింతేమీ కాదు, 'వాడు ఎక్కడ' అనేది 'వాడెక్కడ' అవుతుందని వాళ్లకు తెలుసు. ఒక్క తేడా చెప్పండి: మన ఉత్వ సంధిలో ఒక అచ్చు పోతుంది, ఇక్కడ ఏదీ పోదు, ముందు మాట చివరి హల్లు వెళ్లి తర్వాతి అచ్చు మీద కూర్చుంటుంది.

ఇక్కడే మన పిల్లలు ఎందుకు వెనకబడతారో తెలుస్తుంది. తెలుగు మాట చాలావరకు అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి హల్లు దగ్గర ఆగిన ప్రతి ఇంగ్లిష్ మాటకూ మనం ఒక 'ఉ' తగిలిస్తాం. 'పిక్కు ఇట్టు అప్పు'. మూడు అక్షరాలు పట్టే చోట ఆరు. పాఠం చదివేటప్పుడు ఇది బయటపడదు, ఎవరి వేగంలో వాళ్లు చదువుకుంటారు. పాటలో బీటు ఎవరి కోసమూ ఆగదు, పిల్లలు లైను సగంలో ఉండగానే గాయకుడు తర్వాతి లైనుకి వెళ్లిపోతాడు. అప్పుడు 'తొందరగా పాడండర్రా' అంటే లాభం లేదు. ఆ మూడు 'ఉ'లు తీసేస్తే అదే వేగంలో హాయిగా సరిపోతుంది.

తీయించడానికి వెనక నుంచి కట్టుకు రండి. బోర్డు మీద వాక్యం రాసి చివరి ముక్క మాత్రమే అనిపించాలి: 'అప్'. తర్వాత 'టప్'. తర్వాత 'కిటప్', చివరికి 'పికిటప్'. ఒక్కో మెట్టు క్లాసంతా రెండుసార్లు, ఆ తర్వాత వరుసల వారీగా. ముందు నుంచి మొదలుపెడితే మొదటి మాట దగ్గరే 'పిక్కు' వచ్చేస్తుంది.

పీరియడ్ నడిపే వరుస నా లెక్కలో ఇలా ఉండాలి. మొదటిసారి షీట్ లేకుండా వినిపించి చిన్న ప్రశ్న అడగండి: మాట్లాడేది ఎవరు, ఎవరితో, కోపంగానా ప్రేమగానా. విన్న మాటలు ఏవైనా చెప్పమని, తప్పులతో సహా బోర్డు మీద రాయండి. రెండోసారి లైను లైనుకీ ఆపి 'ఇందులో ఎన్ని మాటలు?' అని అడగాలి. జవాబు నోటితో కాదు, అందరూ ఒకేసారి వేళ్లతో చూపించాలి. ఒకరు మూడు, ఒకరు ఐదు చూపిస్తారు, అక్కడే వాదన మొదలవుతుంది. మళ్లీ వినిపించమని వాళ్లే అడుగుతారు. చూసి రాయడానికి ఇందులో అవకాశమే లేదు. లిరిక్స్ చూపించేది ఆ తర్వాతే, అతుకుల కింద పెన్సిల్‌తో గీత గీయించాలి. చివరి పది నిమిషాలు పాట ఆపేసి అదే అతుకున్న కొత్త వాక్యాలు మీ గొంతుతో డిక్టేషన్ ఇవ్వండి: 'టర్న్ ఇట్ ఆఫ్', 'పుట్ ఇట్ ఆన్' లాంటివి ఆరు. ఈ మెట్టు వదిలేస్తే మీ మూడో సమస్య అలాగే ఉంటుంది.

ముక్క ఎంచేటప్పుడు ఒక జాగ్రత్త. 'టు', 'కెన్', 'ఫర్' లాంటి చిన్న మాటలు మామూలుగా నలిగిపోయి 'ట', 'కన్', 'ఫ' అయిపోతాయి. పాటలో అవే పొడుగు స్వరం మీద పడితే ఉన్నవి ఉన్నట్టు నిండుగా పలుకుతాయి. అలాంటి లైను పెట్టి 'చూడండి, ఎలా నలిగిందో' అంటే పిల్లలు మీ మొహం చూస్తారు.

రెడ్‌ఇంక్:

చెవిపోగు గారితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ ఖాళీల షీట్‌ని అంత సులువుగా వదలొద్దు. తప్పు షీట్‌ది కాదు, తయారీది. నెట్‌లో దొరికేవాటిలో పాట మొత్తానికి పాతిక ఖాళీలు, ఒకే లైన్లో రెండేసి ఉంటాయి. మొదటిది రాస్తుండగానే రెండోది దాటిపోతుంది, ఇక పక్కవాడి షీట్ చూడక ఏం చేస్తాడు?

12 లైన్లకు 8 ఖాళీలు మించొద్దు. లైనుకి ఒకటే. ఖాళీకీ ఖాళీకీ మధ్య కనీసం ఐదు సెకన్లు. మొదటి లైన్లో అసలు పెట్టొద్దు, చెవి సర్దుకోవాలి. వెనకబడిన పిల్లలకు ఒత్తి పలికే పెద్ద మాటలు తీయండి, చురుకైన వాళ్లకు 'ఆఫ్' (of), 'హాజ్', 'దెమ్' లాంటివి. పాట పెట్టకముందే పెన్సిల్‌తో ఊహించి రాయించండి, వింటూ పెన్నుతో దిద్దుకుంటారు. ఊహించకుండా విన్నవాడు శబ్దాన్ని మాత్రమే రాస్తాడు, అర్థంతో పని ఉండదు.

చూసి రాయడానికి విరుగుడు రెండు రకాల షీట్లు. 'ఎ' షీట్లో ఖాళీగా ఉన్న మాట 'బి' షీట్లో ఉంటుంది, 'బి'లో లేనిది 'ఎ'లో ఉంటుంది. బెంచీలో ఒకటి విడిచి ఒకటి పంచండి. విన్నాక షీట్ చూపించకుండా ఒకరికొకరు నోటితో చదివి సరిచూసుకోవాలి, స్పెల్లింగ్ కావాలంటే ఇంగ్లిష్‌లోనే అడగాలి. ఎ4 కాగితం సగానికి కోస్తే 46 మందికి 23 కాగితాలు చాలు. లైన్లను చీటీలుగా కోసి వరుసలో పెట్టించే ఆట కూడా బాగుంటుంది గానీ, ఒకేలా ఉన్న కోరస్ లైన్లు ముందే తీసేయాలి, లేకపోతే వరుస తేలదు. ఫ్యాన్ కింద చీటీలు ఎగురుతాయి, పాత అట్టలు వాడండి.

పాటల ఎంపికకు మొదటి కొలత వేగం. భాషా బోధన పరిశోధకుడు టిమ్ మర్ఫీ 1992లో ప్రచురించిన పరిశీలనలో 50 పాప్ పాటల సగటు వేగం నిమిషానికి సుమారు 75 మాటలు వచ్చింది, మామూలుగా మాట్లాడేదాంట్లో ఇంచుమించు సగం. కానీ అవి 1980ల నాటి పాటలు. ర్యాప్ కలిసిన ఇప్పటివాటికి మీరే లెక్కవేసుకోవాలి: వాద్యాలు మాత్రమే మోగే సమయం తీసేసి, మాటల సంఖ్యను మిగిలిన నిమిషాలతో భాగించండి. మీ పిల్లలకు 100 లోపు వస్తే మంచిది, 140 దాటితే ఆ పాట పక్కన పెట్టండి.

బెన్ ఇ. కింగ్ పాడగా 1961లో వచ్చిన 'స్టాండ్ బై మీ' మొదటి నెలకు సరిపోతుంది. మాటలు తక్కువ, లైన్ల మధ్య ఊపిరి ఉంది. 'ఇఫ్' వాక్యాల కోసమైతే బ్రూనో మార్స్ 'కౌంట్ ఆన్ మీ' తీసుకోండి, స్నేహం గురించిన పాట, ఎక్కడా ఇబ్బంది పెట్టే మాట లేదు. బియాన్సే 'ఇఫ్ ఐ వర్ ఎ బాయ్' సెకండ్ కండిషనల్‌కి (నిజం కానిదాన్ని ఊహించి చెప్పే 'ఇఫ్' వాక్యాలకి) అచ్చుగుద్దిన పాటే, కానీ అందులో బీరు తాగడం, అమ్మాయిల వెంట పడటం ఉన్నాయి. తొమ్మిదో తరగతిలో పెట్టి హెచ్‌ఎం గది ముందు నిలబడాల్సిన పని లేదు.

ప్రెజెంట్ కంటిన్యువస్‌కి సుజాన్ వేగా 'టామ్స్ డైనర్'. మొదట వచ్చిన రూపంలో వాద్యాలే లేవు, గొంతు ఒక్కటే. ఎంపీ3 తయారుచేసిన ఇంజనీర్లు గొంతు చెడకుండా వస్తోందో లేదో చూసుకోవడానికి ఈ పాటనే వాడారు, మన ప్యానెల్ స్పీకర్‌కి కూడా మంచి పరీక్షే. మొదటి అర నిమిషం దగ్గర ఆపేయండి, తర్వాత ముద్దులు, ఇంకొంచెం పెద్దవాళ్ల సంగతులు వస్తాయి. స్పష్టంగా ఉంటుంది గానీ నెమ్మదిగా ఉండదు, మొదటి వారమే పెట్టొద్దు.

బీటీఎస్ కావాలంటే 'డైనమైట్' ఉంది, 2020లో వచ్చింది, పూర్తిగా ఇంగ్లిష్‌లో వాళ్ల మొదటి సింగిల్. ప్రాస కోసం, ఊపు కోసం కూర్చిన మాటలు ఎక్కువ, గ్రామర్‌కి పనికిరాదు. ప్రాస మాటలు ఏరించి 'స్పెల్లింగ్ వేరు, శబ్దం ఒకటి' అనే పట్టిక వేయించడానికి బాగా పనికొస్తుంది.

సౌండ్‌చెక్:

సగం సమస్య ఇంగ్లిష్‌ది కాదు, గదిది. ప్యానెల్ స్పీకర్లు ముందు గోడకు ఉంటాయి, గోడలకు బట్టగానీ అట్టగానీ ఉండదు, వెనక బెంచీలకు వచ్చేసరికి అసలు శబ్దం, ప్రతిధ్వని కలిసిపోతాయి. వాల్యూమ్ పెంచితే ప్రతిధ్వనీ పెరుగుతుంది, పక్క క్లాసు టీచరూ వస్తారు. చిన్న బ్లూటూత్ స్పీకర్‌ని గది మధ్యలో బెంచీ మీద, పిల్లల చెవి ఎత్తులో పెట్టి వాల్యూమ్ తగ్గించండి. ఆ 25 సెకన్లూ ఫ్యాన్లు ఆపండి. ఈక్వలైజర్లో (శబ్దంలో ఏ భాగం ఎంత వినపడాలో సర్దే సెట్టింగ్‌లో) బేస్ తగ్గించి 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ పట్టీ కొంచెం పెంచితే 'ట', 'క' లాంటి హల్లులు తేటగా వస్తాయి, పిల్లలు పోగొట్టుకునేవి అవే.

పాట ఫైలు మీ దగ్గర ఉంటే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముక్క కోసి, లైనుకీ లైనుకీ మధ్య మూడు సెకన్ల నిశ్శబ్దం పెట్టి సేవ్ చేసుకోండి, క్లాసులో ఆపడం, వెనక్కి జరపడం అనే కుస్తీ తప్పుతుంది. వీఎల్‌సీ ప్లేయర్లో ఎ-బి రిపీట్ (మీరు గుర్తుపెట్టిన రెండు చోట్ల మధ్య ముక్కనే మళ్లీ మళ్లీ వినిపించేది) వాడినా వెనక్కి జరిపే పని తప్పుతుంది. వేగం 0.9 దాకా తగ్గించొచ్చు. 0.75 కన్నా కిందికి వెళ్తే అచ్చులు సాగిపోయి, ఎవరూ అలా మాట్లాడని ఇంగ్లిష్ తయారవుతుంది. ఇంకొకటి, నెట్‌లో అభిమానులు పెట్టే లిరిక్ వీడియోల్లో తప్పులు దండిగా ఉంటాయి. ఒకసారి మీరు విని సరిచూసుకోకుండా బోర్డు మీదికి ఎక్కించొద్దు.

కాపీరైట్ సంగతి: 1957 చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం బోధనలో భాగంగా టీచర్ గానీ విద్యార్థి గానీ కాపీ తీసుకోవడం ఉల్లంఘన కాదు. 2016లో ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును విశాలంగానే అన్వయించింది. క్లాసులో రికార్డింగ్ వినిపించడానికి కూడా అదే సెక్షన్లో వీలుంది, వినేది విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల వరకే అయితే. కానీ పిల్లలు పాడిన వీడియోని వెనక అసలు పాటతో యూట్యూబ్‌లో పెడితే ఈ మినహాయింపు వర్తిస్తుందని అనుకోవద్దు, అక్కడ హక్కుదారుల నుంచి కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు.

చాక్‌పీస్:

అందరికీ ధన్యవాదాలు. వేళ్లతో లెక్క, ఎ-బి షీట్లు ఈ వారమే మొదలుపెడతాను. ఇంకో రెండు అడగాలి. పాడించడం నిజంగా అవసరమా, విన్నా సరిపోతుందా? మగపిల్లలు నోరే తెరవరు. 'గొనా', 'ఎయింట్' లాంటివి పరీక్షలో రాసేస్తే?

చెవిపోగు:

పాడిస్తేనే మేలు. ఎడిన్‌బరోలో చేసి 2014లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది: 60 మందిని మూడు జట్లు చేసి 15 నిమిషాల పాటు హంగేరియన్ మాటలు నేర్పారు. విని మామూలుగా అన్నవాళ్ల కన్నా, లయలో అన్నవాళ్ల కన్నా విని పాడినవాళ్లకు ఆ మాటలు తిరిగి చెప్పడం బాగా వచ్చింది. వాళ్లు పెద్దవాళ్లు, నేర్చినవి చిన్న చిన్న వాక్యాలు, పాప్ పాటలు కావు. అయినా నోరు కదిలించడానికి విలువ ఉందని చెప్పడానికి చాలు.

రెడ్‌ఇంక్:

నేను అంత గట్టిగా చెప్పను. 13, 14 ఏళ్ల మగపిల్లలకు గొంతు మారుతుంటుంది, పాట అసలు స్థాయిలో (శ్రుతిలో) పాడమంటే గొంతు జీరపోతుంది, వెనక బెంచీ నవ్వుతుంది, వాడు మళ్లీ నోరు తెరవడు. బీటుకి చప్పట్లు కొడుతూ వాక్యం చెప్పించండి, చెవిపోగు గారు చెప్పిన 'ఉ' అలా కూడా పోతుంది. విడివిడిగా నిలబెట్టి పాడించొద్దు, పాడినదానికి మార్కులు అసలే వేయొద్దు.

'గొనా' సంగతి: నోట్‌బుక్‌లో రెండు గళ్లు గీయించండి, ఎడమ 'పాటలో', కుడి 'రాతలో'. పాటలో 'గొనా' వస్తే రాతలో 'గోయింగ్ టు'. 'షీ డోంట్' వస్తే 'షీ డజంట్'. 'ఎయింట్'కి సందర్భాన్ని బట్టి 'ఈజ్ నాట్', 'ఆర్ నాట్', 'హాజ్ నాట్' ఏదైనా రావచ్చు, ఏది కుదురుతుందో పిల్లలే తేల్చాలి. స్లిప్ టెస్ట్‌లో ఎడమ గడి ఇచ్చి కుడి గడి రాయించండి. ఒక పాటలో ఇలాంటివి ఐదు దాటితే ఆ పాట మార్చండి.

సౌండ్‌చెక్:

మగపిల్లల కోసం ఆడాసిటీలో చేంజ్ పిచ్ అని ఉంటుంది. మూడు, నాలుగు సెమీటోన్లు (పక్కపక్క స్వరాల మధ్య ఉండే అతి చిన్న మెట్లు) కిందికి దించితే వేగం మారకుండా స్థాయి తగ్గుతుంది. ఐదు దాటిస్తే గాయకుడి గొంతు రాక్షసుడిలా వస్తుంది, అప్పుడిక క్లాసంతా నవ్వడమే.