వాస్క్స్ ‘బాల్సిస్’‌లో పక్షులు ఎక్కడ?

ప్రశ్న: లాత్వియా స్వరకర్త పేతెరిస్ వాస్క్స్ మొదటి సింఫనీ ‘బాల్సిస్’ (అంటే ‘స్వరాలు’, 1991) అంతా తీగవాద్యాలే కదా, ఫ్లూట్ లేకుండా పక్షుల కూతలు ఎలా? పైగా మొదట్లో ఏమీ వినపడట్లేదు.

జవాబు 1: రెండో భాగం ‘జీవన స్వరాలు’ వినండి. వయొలిన్ల పైస్థాయిలో ట్రిల్స్ (పక్కపక్క స్వరాలు రెండింటిని వేగంగా మార్చి మార్చి వాయించడం), జారుడు స్వరాలు పట్టుకోండి. వాస్క్స్ ఇలాంటిచోట ఒక్కొక్కరినీ సొంత వేగంతో వాయించమంటాడు, అందుకే గుంపు కిలకిలలా ఉంటుంది. అద్భుతమండీ!

జవాబు 2: మొదటి భాగం పేరే ‘నిశ్శబ్ద స్వరాలు’. అక్కడ వాల్యూమ్ పెంచితే తర్వాత బిగ్గరగా వచ్చేచోట చెవులు అదురుతాయి. ముందు బిగ్గర భాగానికి వాల్యూమ్ సరిచూసుకోండి. యాప్‌లో నార్మలైజేషన్ (శబ్దస్థాయిని దానంతటదే సమం చేసే సెట్టింగ్) ఆపేయండి. ఫ్యాన్ కూడా.

జవాబు 1: ఫ్లూట్‌లోనే కావాలంటే ఆయనదే ‘పక్షులున్న ప్రకృతి దృశ్యం’ (1980), ఒక్క ఫ్లూట్ మాత్రమే.