హనోవర్‌లో సన్మాన పత్రం ఎలా రాయాలి?

కొత్త డాక్టర్: అందరికీ నమస్కారం. గుంటూరులో న్యూరోసర్జరీ చేసి, ఆరు నెలలు చూసి నేర్చుకుందామని పోయిన వారమే జర్మనీలోని హనోవర్ వచ్చాను. మన తెలుగు సంఘం ఉగాది సభలో ఇక్కడి న్యూరోసర్జన్ ప్రొఫెసర్ మజీద్ సామీ గారిని సన్మానించాలనుకుంటోందట. పత్రం రాసే పని నాకు అప్పజెప్పారు. ఏం రాయమంటారు? శాలువా కప్పితే ఇక్కడ ఎబ్బెట్టుగా ఉంటుందా?

లిండెన్ బాబాయ్: పత్రం సంగతి తర్వాత బాబూ, ముందు ఆన్‌మెల్డుంగ్, అదే ఊరి ఆఫీసులో చిరునామా నమోదు, అయిందా? వారంలోగా చేయకపోతే ఫైన్. ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం లేకపోతే ఆఫీసులో నీ మొహం కూడా చూడరు. ఇక హాలు. ఒకసారి నేనే బుక్ చేశాను. జ్యోతి ప్రజ్వలనలో ఎవరో కర్పూరం ముట్టించారు. పైన సెన్సర్ కుయ్యిమంది, ఐదు నిమిషాల్లో ఫైరింజన్. పట్టుచీరల్లో ఆడవాళ్లంతా చలిలో రోడ్డు మీద, పులిహోర లోపల! నా డిపాజిట్ 600 యూరోలు హాలు ఓనరు మింగేశాడు.

లిస్ట్ అక్క: వారం కాదు బాబాయ్, రెండు వారాలు. తెలియకపోతే పిల్లల్ని భయపెట్టకండి. అయినా సన్మానానికి మన తెలుగు డాక్టర్లే దొరకలేదా?

క్లినిక్‌లో పనిచేసే పద్మక్క: మనవాళ్లు మనవాళ్లనే సన్మానించుకుంటే అందులో గొప్పేముంది? ఆయనా మనలాగే బయటి నుంచి వచ్చినవారే. 1937లో టెహ్రాన్‌లో పుట్టి, మైన్జ్‌లో చదివి, ఈ ఊళ్లో స్థిరపడ్డారు. 4వ నంబర్ ట్రామ్‌లో మెడికల్ కాలేజీ స్టాప్‌లో దిగితే, ఆ పక్కనే మెదడు ఆకారంలో ఓ భవనం ఉంటుంది. ఆయన 2000లో మొదలుపెట్టిన న్యూరోసైన్స్ సంస్థ అదే.

తమ్ముడూ, “అపర ధన్వంతరి” అని మాత్రం రాయకు. దాన్ని జర్మన్‌లోకి మార్చలేక చస్తావు. ఎన్ని ఆపరేషన్లు చేశారో కూడా వద్దు. పుర్రె అడుగున, చెవి నరం మీద వచ్చే కణితుల ఆపరేషన్‌లో దిట్ట అని ఒక్క వాక్యం చాలు. ఆ నరాన్ని ఆనుకునే ముఖాన్ని కదిలించే నరం ఉంటుంది. కణితి తీశాక రోగి నవ్వితే మూతి వంకర పోకూడదు. అది ఎంత కష్టమో నీకు నేను చెప్పాలా? మిగతా పత్రమంతా నేర్పడం గురించే రాయి. ప్రపంచ న్యూరోసర్జరీ సంఘాల సమాఖ్యకు అధ్యక్షుడిగా చేశారు. బీజింగ్‌లో ఇక్కడి న్యూరోసైన్స్ సంస్థ లాంటిదానికే చేయూతనిచ్చారు. “ఆఫ్రికా 100” పేరుతో అక్కడి యువ డాక్టర్లకు శిక్షణ ఇప్పించారు. ఒక సర్జన్ వెళ్లి పది ఆపరేషన్లు చేసి వస్తే పదిమందే బాగుపడతారు. అక్కడివాళ్లకే నేర్పితే ఆ దేశం బాగుపడుతుంది.

ఇంకో మాట. చూడ్డానికి వచ్చినవాడివి, పర్మిట్ లేకుండా రోగి మీద చెయ్యి వేయకు. ఉద్యోగం ఉద్దేశం ఉంటే డాక్టర్లకు పెట్టే జర్మన్ భాషా పరీక్షకు ఇప్పుడే కూర్చో. రోగితో 20 నిమిషాలు, రాయడం 20, డాక్టరుతో 20. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లే పాసయ్యారు, టెన్షన్ పడకు.

లిస్ట్ అక్క: సరే, ఒప్పుకున్నా. కానీ ఆ వయసు మనిషిని మూడు గంటలు స్టేజీ మీద కూర్చోబెట్టకండి. ముందు ఆయన సెక్రటరీకి మెయిల్ పెట్టి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, అడగండి.

కొత్త డాక్టర్: శాలువా సంగతి ఎవరూ చెప్పలేదండీ.

పద్మక్క: కప్పు నాయనా, ఏమిటో ఒక ముక్క జర్మన్‌లో చెప్పి కప్పు. కర్పూరం మాత్రం వద్దు.

లిస్ట్ అక్క: ఆ రోజు ముట్టించింది బాబాయే. సాంబ్రాణి కూడా.

లిండెన్ బాబాయ్: నేను ముట్టించింది సాంబ్రాణి ఒక్కటే. ఆ 600 సంఘం ఇంకా నాకివ్వలేదు.