జీతం పెంచితే పనిలో ఉత్సాహం పెరుగుతుందా? హెర్జ్‌బర్గ్ సిద్ధాంతంపై చర్చ

ప్రశ్న:
జీతం చాలకపోతే ఉద్యోగికి అసంతృప్తి కలుగుతుందే గాని, పెంచినంత మాత్రాన పని మీద ఉత్సాహం పుట్టదని, దానిని పుట్టించేవి సాధించామన్న తృప్తి, గుర్తింపు, బాధ్యత వంటివేనని అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో ప్రతిపాదించారు. మేనేజ్‌మెంట్ తరగతుల్లో దీనిని తిరుగులేని సత్యంగా బోధిస్తున్నారు. ఇది నిలుస్తుందా?

మొదటి సభ్యుడు:
నిలుస్తుందనే నా నమ్మకం. మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ డెసి 1971లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులకు సోమా అనే ముక్కల పజిల్ ఇచ్చి, ఒక బృందానికి మాత్రం రెండో విడతలో డబ్బు చెల్లించారు. మూడో విడతలో ఆ చెల్లింపు ఆపి, పరిశోధకుడు కాసేపు గది విడిచి వెళ్లినప్పుడు, చదువుకోవడానికి పత్రికలు కూడా అందుబాటులో ఉండగా, ఎవరు ఎంతసేపు పజిల్ పట్టుకున్నారో గమనించారు. డబ్బు అందుకున్నవారిలో మునుపటి ఆసక్తి తగ్గింది.

రెండో సభ్యురాలు:
మీరు చూపిన సాక్ష్యం వేరొక వాదానిదండి. డబ్బు ఉత్సాహాన్ని పుట్టించదని హెర్జ్‌బర్గ్ అంటే, అప్పటికే ఉన్న ఉత్సాహాన్ని డబ్బు చెరపగలదని డెసి అన్నారు. పైగా హెర్జ్‌బర్గ్ బృందం చేసిందల్లా అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను, ఉద్యోగంలో బాగా సంతోషం కలిగిన, బాగా బాధ కలిగిన సందర్భాలు చెప్పమని అడగడం. మంచి జరిగితే తమ ప్రతిభనూ, చెడు జరిగితే పై అధికారినో కంపెనీనో కారణంగా చూపడం మనుషులకు సహజమని మరో మనస్తత్వవేత్త విక్టర్ వ్రూమ్ 1964లోనే అభ్యంతరం చెప్పారు. నా దృష్టిలో ఆ అభ్యంతరానికి ఇప్పటికీ సరైన జవాబు రాలేదు.

మాటలు వదిలి పనిని కొలిచిన ఉదాహరణ చూడండి. అమెరికాలో కారు అద్దాలు బిగించే సేఫ్‌లైట్ కంపెనీ 1990ల మధ్యలో గంటల వేతనం నుంచి బిగించిన అద్దాల లెక్కన చెల్లించే పద్ధతికి మారింది. ఒక్కో కార్మికుడి ఉత్పత్తి సగటున 44 శాతం పెరిగిందని ఆర్థికవేత్త ఎడ్వర్డ్ లేజియర్ 2000లో ప్రచురించారు.

మొదటి సభ్యుడు:
వ్రూమ్ అభ్యంతరం న్యాయమైనదే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ 44 శాతంలో దాదాపు సగమే ఉన్న కార్మికులు మునుపటికన్నా ఎక్కువ పని చేయడం వల్ల వచ్చింది. మిగతాదానిలో చాలావరకు చురుకైనవారు కొత్తగా చేరడం, ఉన్నవారిలో చురుకైనవారు నిలిచిపోవడం వల్ల వచ్చిందని లేజియరే వివరించారు. అంతేకాక, తొందరలో సరిగా బిగించని అద్దం పగిలితే, బిగించిన వ్యక్తే కొత్త అద్దం ఖర్చు భరించి తిరిగి బిగించాలనే నియమం పెట్టవలసి వచ్చింది. ఏ అద్దం ఎవరు బిగించారో తెలుస్తుంది కాబట్టి అక్కడ అది సాధ్యమైంది. ఆసుపత్రి వార్డులో నర్సు ఒక రోగి దగ్గర ఓపికగా గడిపిన పది నిమిషాలను ఏ లెక్కన చెల్లిస్తారో మీరే చెప్పండి.