అంచులు కోసేసిన పాత విమాన ఫోటో: తేదీ ఎలా తేల్చాలి?

కోటిపల్లి రేవు: పొద్దున్నించీ ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. ద్రాక్షారామం మీద విమానంలోంచి తీసిన ఫోటో ఉంది. ఊరికి దక్షిణాన గుండ్రటి దిబ్బ కనిపిస్తోంది, ఇప్పుడక్కడ చేలే. తేదీ లేదు, రికార్డూ లేదు. ఏ కాలానిదో చెప్పండి బాబూ.

గొలుసు మేస్త్రి: ప్రింటు సైజెంత? వెనకాల ఏముంది?

దిబ్బలరాయుడు: ముందు ఆ దిబ్బ ఏదో పాతకాలపు కట్టడమన్న ఆశ తగ్గించుకోండి. ఇంగ్లండ్‌లోని పాత రాతి కట్టడం స్టోన్‌హెంజ్‌ని 1906లోనే బెలూన్ నుంచి తీశారు. 1921 నాటి వైమానిక దళం ఫోటోల్లో అక్కడి పాత దారి జాడని పురావస్తు పరిశోధకుడు క్రాఫర్డ్ 1923లో పట్టాడు. అది సుద్దనేల. పూడిన కందకం మీద పైరు ఏపుగా పెరుగుతుంది, రాతిగోడ మీద గిడసబారుతుంది. మనది లోతైన ఒండ్రు, పైగా మడినిండా నీళ్లు. ఇక్కడ పూడిన పాయలూ మెరకలూ తప్ప పెద్దగా ఏం తేలవు.

గొలుసు మేస్త్రి: ఆయనడిగింది తేదీ.

కోటిపల్లి రేవు: అంచులు కోసేశాక 8 అంగుళాలు మిగిలింది. వెనక పెన్సిల్‌తో 114. అన్నట్టు రైలు కట్ట ఉంది.

పాతపటాలు: అది ముందు చెప్పొద్దటండీ! కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేశారు, యుద్ధం కోసమని 1940లో పట్టాలు పీకేశారు, మళ్లీ వేసింది 2004లో. మీ ఫోటో 1928–40 మధ్యదే.

గొలుసు మేస్త్రి: పట్టాలు పోతే కట్ట పోదు. బ్రాడ్‌గేజి అనుకున్నా 1.676 మీటర్లు, 1:25,000 ఫోటోలో (అంటే ప్రింటు మీద 1 మి.మీ. నేల మీద 25 మీటర్లు) అది 0.07 మిల్లీమీటరు. కంటికి ఆనదు. 1928 తర్వాతది, అంతే.
ఏ సర్వే ఫోటోనో పోల్చడానికి ముందు స్కేలు తేల్చండి. గుడి ప్రాకారం మూల, పాత లాకు లాంటి కదలని గుర్తులు రెండు పట్టుకోండి. ప్రింటు మీద 96 మి.మీ., నేల మీద 2.4 కి.మీ. అయితే 1:25,000. ఫోటో మధ్యలోనే కొలవండి, విమానం ఒరిగి ఉంటే అంచుల్లో స్కేలు మారిపోతుంది. 114 ఫ్రేము నంబరై, అంటే వరసగా తీసిన ఫోటోల్లో దీని సంఖ్యై ఉంటుంది. 113, 115 వెతకండి. మామూలుగా పక్క ఫ్రేముతో 60 శాతం కలుస్తుంది, దాని అంచు మిగిలుంటే తేదీ అందులోనే దొరుకుతుంది.

పాతపటాలు: కట్ట విషయం సరే. నెల మాత్రం నీడ చెబుతుంది. పొట్టి నీడలు దక్షిణానికి పడ్డాయంటే మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం లోపు. అప్పుడు కాలువ ఎండి ఉంటే నీళ్లు కట్టేసిన రోజులు, మే అనుకోవచ్చు. మళ్లలో నీళ్లు మెరుస్తుంటే సార్వా ఊడ్పులు.

దిబ్బలరాయుడు: నీడలు మీవైపు పడేలా ప్రింటు తిప్పి చూడండి. లేకపోతే చెరువు కూడా దిబ్బలా కనిపిస్తుంది.

కోటిపల్లి రేవు: తిప్పితే గుంటలాగే ఉందండి. కాలువలో నీళ్లున్నాయి. థాంక్స్.

గొలుసు మేస్త్రి: నీడ ఎటు పడిందో చెప్పలేదు.