ఊరకుండియా, ఊరకుండుడియా?

పెరంబూరు పాఠకురాలు:
మా అమ్మమ్మ బియ్యం ఏరుతూ ఏరుతూ మధ్యలో చెయ్యి ఆపేది. చేట ఒళ్లోనే ఉండేది, ఏరిన వడ్లగింజ వేళ్ల మధ్యే ఉండేది. కళ్లు మూసుకుని "ఊరకుండి నేనే దేవుడనని తెలిసికొనుడి" అనేది. ఒక్క నిమిషం, అంతే. మళ్లీ ఏరడం మొదలుపెట్టేది. నెల్లూరు నుంచి పెళ్లయి చెన్నైలోని ఈ పెరంబూరు వచ్చి, చివరిదాకా ఇక్కడే ఉంది.

ఈ మధ్య నేనూ పొద్దున్నే లోకల్ ట్రైన్‌కి బయల్దేరే ముందు ఇరవై నిమిషాలు మౌన ప్రార్థనకి కూర్చుంటున్నాను. ఆ వాక్యమే పట్టుకుంటాను. మనసు ఆఫీసు గొడవల్లోకి పోతుంది. పోయిందని తెలియగానే వాక్యం దగ్గరికి తెచ్చుకుంటాను. మొన్న బైబిలు తీసి చూస్తే 46వ కీర్తన 10వ వచనంలో "ఊరకుండుడి" అని ఉంది. ఒక్క "డు" తేడా. అప్పటి నుంచి ప్రార్థనలో కూర్చుంటే ఆ అక్షరమే అడ్డం పడుతోంది. "ఊరకుండి" అన్న పాఠం ఎవరైనా చూశారా?

విల్లివాక్కం మేష్టారు:
అమ్మా, "ఊరకుండుడి" సరైనది. అదీ, "తెలిసికొనుడి" కూడా విధ్యర్థకాలు. హీబ్రూలోనూ రెండు ఆజ్ఞలే, మధ్యలో "మరియు" ఉంది. "ఊరకుండి" అంటే క్త్వార్థకం, అంటే "వచ్చి", "చూసి"లా తర్వాతి పనికి ముందు జరిగే పనిని చెప్పే రూపం, అయిపోతుంది. అప్పుడు మొదటిది రెండోదానికి మెట్టు మాత్రమే. మూలంలో ఊరకుండడం తనంతట తానే ఒక ఆజ్ఞ. ఆ "డు" లేకపోతే సగం బరువు పోతుంది.

ఇంట్లో తెలుగు, గుడిలో తమిళం:
మేష్టారూ, వ్యాకరణం మీరన్నట్టే. కానీ ఆవిడ చెవిలో పడింది తమిళ బైబిలు అని నా నమ్మకం. "నీంగళ్ అమర్న్దిరున్దు, నానే దేవనెన్ఱు అఱిన్దుకొళ్ళుంగళ్." ఆ "అమర్న్దిరున్దు" మీరు చెప్పిన క్త్వార్థకమే. తమిళ వాక్యం తీరులో తెలుగు మాటలు పోసుకున్నారావిడ. మా అమ్మ కూడా పరలోక ప్రార్థన మొదలు ఒక భాషలో, ముగింపు ఇంకో భాషలో చెబుతుంది.

ఇంకో సంగతి. "ఊరక"కి తమిళంలో జోడీ "సుమ్మా". మురుగన్ మీద పాడిన కందర్ అనుభూతిలో తమిళ భక్తకవి అరుణగిరినాథర్ "సుమ్మా ఇరు సొల్ అఱ" అన్నాడు, మాట అణిగేలా ఊరకుండు అని. రమణ మహర్షి ఆ "సుమ్మా ఇరు" చెప్పేవారు, ఈ కీర్తన వచనాన్నీ తలుచుకునేవారు. తమిళ బైబిలు ఆ మాటని కీర్తనలో కాక నిర్గమకాండం 14:14లో వాడింది: "సుమ్మాయిరుప్పీర్గళ్". మన తెలుగులో అక్కడ "మీరు ఊరకయే యుండవలెను".

పోతన భక్తుడు:
"ఊరక"కి అర్థం కావాలంటే పోతన దగ్గరికి రావాలండీ.
ఊరక రారు మహాత్ములు
వారధముల యిండ్లకడకు వచ్చుట లెల్లం
గారణము మంగళములకు
నీ రాక శుభంబు మాకు నిజము మహాత్మా!
గర్గుడితో నందుడు అన్న మాట. మొదటి పాదంలో "ఊరక", దానికి ఎదురుగా మూడో పాదంలో "కారణము". అంటే ఊరక అన్నది నిష్కారణంగా అనే. ఊరకుండు అంటే ఏ కారణమూ పెట్టుకోకుండా ఉండు. ఏదీ అడగకుండా, ప్రశాంతత కావాలని కూడా కోరకుండా దేవుడి ముందు ఉండడం. మౌన ప్రార్థనకి ఇంతకన్నా మంచి మాట ఏ భాషలో ఉంది? ఈ కందం చదివిన ప్రతిసారీ ఆ "రారు" దగ్గర నా గొంతు పట్టేస్తుంది.

విల్లివాక్కం మేష్టారు:
పద్యం గొప్పదే, అర్థం మాత్రం ఇక్కడ అతకదు. "రారు"తో కలిసిన ఊరక వేరు, "ఉండు"తో కలిసినది వేరు. మార్కు 4:39 చూడండి. సముద్రంతో "నిశ్శబ్దమై ఊరకుండుము" అంటాడు ప్రభువు. తుఫానుని నిష్కారణంగా ఉండమనడు కదా! నిశ్శబ్దం ఒకటి, ఊరకుండడం ఇంకొకటి అని అనువాదకులకి స్పష్టంగా తెలుసు. ఆ తర్వాత వచ్చే "మిక్కిలి నిమ్మళమాయెను" కూడా గమనించండి. ఏలీయా ప్రవక్తకి వినబడిందీ "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము". అసలు చర్చించాల్సిన మాట నిమ్మళం.

హనుమకొండ వాసి, ఇప్పుడు వేళచ్చేరి:
మా వైపు "ఉత్తగ" అంటాం. ఉత్తగ కూర్చో అంటే పనేమీ పెట్టుకోకు అని. లాటిన్ బైబిలులో ఇది 45వ కీర్తన, అక్కడి మాట "వకాతే", తీరిక చేసుకోండి అని. గ్రీకులో "స్ఖొలసతే", స్కూల్ అన్న మాటకి చుట్టమే. మఠాల్లో దేవుడి కోసం తీరికగా ఉండడం అనే ఆలోచన వేళ్లు ఇక్కడున్నాయి. కాబట్టి ఉత్తగ ఉండడమే సరైన అర్థం.

రాయపురం తల్లి:
మీరంతా "ఊరుకో"ని వదిలేశారు. హీబ్రూ క్రియకి సడలించడం, వదిలెయ్యడం అనే అర్థం ఉంది. పై వచనంలో "విల్లు విరుచువాడు, బల్లెమును తెగనరకువాడు" అని ఉంది. కొట్టుకునేవాళ్లని ఇక ఊరుకోండి అని ఆపడం ఇది. ఏడ్చే బిడ్డకి చెప్పే మాట కూడా అదే.

మా పాప చేత పాలు మాన్పించినప్పుడు పది రాత్రులు ఏడ్చింది. భుజాన వేసుకుని ఊరుకో అమ్మా, ఊరుకో అని తిరిగేదాన్ని. ఒక రాత్రి ఆ మాట అంటుంటే నా దవడ బిగబట్టి ఉందని తెలిసింది. పళ్లు నొప్పిగా ఉన్నాయి. దవడ వదిలాను, భుజాలు దిగాయి. కాసేపటికి పాప ఏమీ అడగకుండా నా మెడ మీద తల పెట్టి ఉండిపోయింది, నిద్రపోలేదు. 131వ కీర్తనలో "చనుపాలు విడిచిన పిల్ల తన తల్లియొద్దనున్నట్లు" అన్నది అప్పుడు అర్థమైంది. ఊరుకో అని నేను చెప్పింది ముందు నాకే.

లొయోలా పూర్వ విద్యార్థి:
పెరంబూరు అక్కా, జెస్యూట్ సభ స్థాపకుడు ఇగ్నేషియస్ నేర్పిన ఆత్మపరిశీలనలో ఒక పద్ధతి ఉంది. రోజులో ఏది నన్ను కదిలించింది, ఎక్కడ బిగుసుకున్నాను అని దేవుడి ఎదుట నెమ్మదిగా వెనక్కి చూసుకోవడం. మీకు అడ్డం పడుతున్నది "డు" అక్షరమేనా? అమ్మమ్మ తప్పు పలికిందేమో అన్న బాధా? ఒకసారి చూసుకోండి.

పోతన భక్తుడు:
తప్పు అనకండి, పాఠాంతరం అనండి. పోతనకే ఎన్ని పాఠాంతరాలు లేవు! "ఊరక"తోనే గజేంద్ర మోక్షంలో ఏమైనా ఉందా, ఎవరికైనా గుర్తుందా?

విల్లివాక్కం మేష్టారు:
దానికి వేరే చర్చ పెట్టండి. అమ్మా, ఒక్కటి అడుగుతాను. మీ అమ్మమ్మగారు "ఊరకుండి" తర్వాత ఆగేవారా, ఒకే ఊపిరిలో చెప్పేసేవారా? ఆగితే అది వాడుక తెలుగులో "ఉండండి"కి పొట్టి రూపం కావచ్చు. "రాండి", "పోండి"లా ఆజ్ఞే అవుతుంది. అప్పుడు నా మొదటి జవాబు మార్చుకోవాలి.

పెరంబూరు పాఠకురాలు:
లొయోలా తమ్ముడూ, అవును, బాధ అదే. నిన్న రైల్లో వ్యాసర్పాడి దాటేటప్పుడు తెలిసింది.
మేష్టారూ, ఆగేది. చేట కదిలేది కాదు. ఎంతసేపు ఆగేదో నాకు గుర్తు లేదు. నెల్లూరులో పిన్నిని అడుగుతాను, పక్కన కూర్చుని బియ్యం ఏరింది ఆవిడే.